మంటలార్పే సిలిండర్ గేజ్ ముల్లు పచ్చలోనే ఉంది, అయినా మార్చాలా?

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, నిజాంపేట:
అందరికీ నమస్కారం. మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. కార్యదర్శి పని పోయిన నెలే నా నెత్తిన పడింది. మంటలార్పే సిలిండర్లు ఫ్లోర్లలో 6 కిలోల ఏబీసీ పౌడర్‌వి (కట్టె, పెట్రోలు, గ్యాస్ మంటలకు వాడేవి) ఏడు, మీటర్ల దగ్గర, లిఫ్ట్ గదిలో 4.5 కిలోల సీఓటూవి (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌వి) చెరొకటి ఉన్నాయి. అన్నీ 2014లో బిల్డర్ పెట్టినవే. ఏటా ఏప్రిల్‌లో ఒకతను వచ్చి, తుడిచి, కొత్త స్టిక్కర్ అంటించి, బిల్లు చేతిలో పెట్టి వెళ్తాడు. ఇప్పుడు అతనే "పౌడర్‌వి అన్నీ మార్చాలి" అంటున్నాడు. మా కమిటీ పెద్దాయనేమో "ముల్లు పచ్చలో ఉంటే మార్చడమెందుకు, పన్నెండేళ్లకు టెస్ట్ చేయిస్తే చాలని నెట్‌లో ఉంది" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం:
అమ్మా, పెద్దాయన చదివింది అమెరికా లెక్క. అక్కడ పౌడర్ సిలిండర్‌ను ఆరేళ్లకు విప్పి చూస్తారు, పన్నెండేళ్లకు హైడ్రో టెస్ట్, అంటే నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష, చేస్తారు. మనకు ఐఎస్ 2190 అనే భారత ప్రమాణం ఉంది. దాని ప్రకారం పౌడర్ సిలిండర్‌కు మూడేళ్లకోసారి, సీఓటూకి అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్. ఎంత బాగా చూసుకున్నా పౌడర్ సిలిండర్ ఆయుష్షు పదేళ్లు, సీఓటూది పదిహేనేళ్లు. మీ ఏడింటికీ కాలం 2024లోనే తీరిపోయింది. ఈ విషయంలో స్టిక్కర్ల అబ్బాయి చెప్పింది నిజమే.

ఇక ముల్లు సంగతి. గేజ్ చెప్పేది లోపల నైట్రోజన్ ఒత్తిడి ఎంతుందో, అంతే. మామూలుగా అది 15 బార్ దగ్గర ఉంటుంది. కింద పౌడర్ ఉప్పుగడ్డలా బిగిసిపోయినా ముల్లు పచ్చలోనే నవ్వుతుంది. అలాంటి సిలిండర్ నొక్కితే గ్యాస్ తుస్సుమని పోతుంది, పౌడర్ రాదు. సర్వీసులో ఇది కళ్లారా చూశాను. అందుకే మూడు నెలలకోసారైనా సిలిండర్‌ను తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకోండి. పౌడర్ జారిన చప్పుడు, బరువు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు కదిలిన ఊపు తెలియాలి.

సీఓటూకి అసలు గేజే ఉండదు. తూకమే దిక్కు. ఖాళీ బరువు మెడ దగ్గర గుద్ది ఉంటుంది, దానికి 4.5 కలిపి చూసుకోండి. గ్యాస్‌లో పదో వంతు, అంటే మీ లెక్కలో 450 గ్రాములు తగ్గితే రీఫిల్లింగ్‌కు పంపాల్సిందే.

ఫైర్ సర్వీసింగ్ మెకానిక్, వరంగల్:
మేడమ్, నేను ఇదే పనిల పదిహేనేండ్ల సంది ఉన్న. మా లైన్ల అందరం దొంగలం కాదు గని, స్టిక్కర్ మార్చి పైసలు తీస్కునేటోళ్లు మస్తు మంది. మీరు ఒక్క పని చెయ్యిండ్రి. ఇచ్చేముందు ప్రతి సిలిండర్ నంబరు ఫోటో తీయిండ్రి, బరువు రాసుకోండ్రి. తిరిగొచ్చినంక ఆ నంబర్లే ఉన్నయా చూడుండ్రి. హైడ్రో టెస్ట్ చేసినమంటే తేదీ, ఎంత ప్రెషర్ పెట్టిండ్రో కాయితం మీద అడుగుండ్రి. టెస్ట్ కోసం సిలిండర్ మొత్తం ఖాళీ చేసి, వాల్వ్ ఊడదీసి, నీళ్లు నింపాలె. మీ సెల్లార్ల కూసోని అర్ధగంటల అయ్యే పని కాదది.

ఇంకోటి, సిలిండర్‌ను ఒక్క సెకను నొక్కినా సరే, మళ్ల తగిలించొద్దు. వాల్వ్ సీటు మీద పౌడర్ ఇరుక్కుంటది, మెల్లమెల్లగ గాలి పోతది. పిల్లలు ఆడుకుంట పిన్ను గుంజిండ్రని చెప్పకుండ దాచిపెడ్తరు. సీలు తెగి ఉంటే అనుమానించుండ్రి.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, నిజాంపేట:
ధన్యవాదాలు. కొత్తవి కొనేటప్పుడు ఏం చూడాలి? నెలనెలా వాచ్‌మన్‌తో ఏం చూపించుకోవాలి?

అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం:
ఐఎస్ఐ మార్కు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఆ మార్కు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, నడుస్తోందో లేదో తెలుస్తుంది. తయారైన నెల, ఏడాది చూడండి. రెండేళ్లు గోదాములో పడున్నది కొంటే పదేళ్లలో రెండేళ్లు అప్పుడే పోయినట్టే.

నెలవారీ చూపు అయిదు నిమిషాల పని. ముల్లు, పిన్ను, సీలు, హోస్ పగుళ్లు, అడుగున తుప్పు. సెల్లార్‌లో తడి నేల మీద పెట్టినవి అడుగు నుంచే తింటాయి, గోడకే తగిలించండి. నాజిల్‌లోకి టార్చి వేసి చూడమనండి. కందిరీగలు మట్టిగూడు కట్టేస్తాయి. నవ్వుకోకండి, గోదావరి జిల్లాల్లో ఇది మామూలే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. సెల్లార్‌లో ఈవీ స్కూటర్లు చార్జింగ్ పెడుతున్నారు. ఏబీసీ సిలిండర్ సరిపోతుందా?

అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం:
బాబూ, పైమంట ఆరుతుంది. బ్యాటరీ లోపల రగిలే వేడి ఆరదు, మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ పై లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. పొగ కమ్ముతుంటే సిలిండర్ పట్టుకుని సెల్లార్‌లోకి దిగొద్దు. జనాన్ని బయటికి పంపి 101కో 112కో ఫోన్ చేయండి.

ఒక రైతు, నరసరావుపేట:
ఏబీసీ పౌడర్ అంటే మోనో అమ్మోనియం ఫాస్ఫేటే కదండీ, మేం డ్రిప్పులో వాడే 12-61-0 ఎరువు. పాత పౌడర్ మొక్కలకు వేసుకోవచ్చా?

ఫైర్ సర్వీసింగ్ మెకానిక్, వరంగల్:
మందు అదే అన్నా. గని గడ్డ కట్టొద్దని సిలికాన్ పట్టిస్తరు, నీళ్లల్ల కరగదు, మీద తేలుతది. డ్రిప్పు పైపులు పాడైతయి. వెయ్యకు.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, నిజాంపేట:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పాత ఏడింటినీ పారేసే ముందు పక్క ఖాళీ స్థలంలో అందరి చేతా ఒక్కొక్కటి నొక్కించాం. నాలుగు బాగా చిమ్మాయి, పది పదిహేను సెకన్లలో అయిపోయాయి. అంత త్వరగా అయిపోతుందని ఎవరికీ తెలియదు. ఒకటి తుస్సుమంది, పౌడర్ చారెడు కూడా రాలేదు. ఇంకో రెండు సగంలో ఆగిపోయాయి. ఏడింటికీ ముల్లు పచ్చలోనే ఉండింది. పెద్దాయన ఏమీ అనలేదు, కొత్తవాటి బిల్లు మీద సంతకం పెట్టారు.

లిఫ్ట్ గదిలోని సీఓటూ 1.2 కిలోలు తక్కువ తూగింది, రీఫిల్లింగ్‌కు పంపాం. పాత ఖాళీ డబ్బాలు ఇనపకొట్టుకు వేసేయొచ్చా?

ఫైర్ సర్వీసింగ్ మెకానిక్, వరంగల్:
వాల్వ్ తీపిచ్చి, డ్రిల్లుతోని బొక్క పెట్టిచ్చినంకనే ఇయ్యిండ్రి మేడమ్. లేకుంటే ఎర్ర రంగేసుకొని ఇంకో అపార్ట్‌మెంట్ల తేల్తయి. గాలి పూర్తిగ పోయిందని ఖాయం చేస్కోకుండ మాత్రం డ్రిల్లు ముట్టనియ్యద్దు.