గండికోట టెంట్ల పని అయిపోయింది, ట్రాక్టర్ ట్రైలర్‌లో కోసిగికి ఇంటిల్లిపాదీ పోవచ్చా?

కోసిగి నుంచి (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర పల్లె. సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, మా ఊరోళ్లంతా గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఈ ఏడు మేము మాత్రం గండికోట వచ్చాం, పెన్న లోయ దగ్గర టెంట్లు వేసి గెస్టులను ఉంచే క్యాంపులో పనికి. దీపావళి ముందు వచ్చాం. శివరాత్రి దాటింది, ఎండ ముదిరింది. శని, ఆదివారాల్లో కూడా నాలుగు టెంట్లు నిండడం లేదు. క్యాంపు మూసేస్తున్నారు.

నాది టెంట్ల పని, రాత్రి కాపలా. మా ఇంటామెది వంట. ఇక్కడ నేలంతా బండ, మేకు దిగదు. ప్రతి తాడునూ రాయికి కట్టాల్సిందే. అర్ధరాత్రి లోయలోంచి గాలి లేచిందంటే టార్చి పట్టుకుని తాళ్లు ఒక్కొక్కటే లాగి చూస్తూ తిరిగేవాణ్ని. నిన్న ఆఖరి టెంటు విప్పాను. అడుగున చెమ్మ ఉంది. అట్లే చుడితే నల్లమచ్చలు పడతాయని బండ మీద ఆరేసి మధ్యాహ్నం చుట్టాను. టెంటు తీసిన చోట నేల నలుచదరంగా తెల్లగా మిగిలింది. ఐదు నెలలు మా కాపురం అక్కడే కదా, చూస్తే కడుపులో ఏదోలా అయింది.

ఇప్పుడు సంగతేమంటే, మా బామ్మర్ది ఇంటికి నాపబండలు వేయించుకుంటున్నాడు. వాటి కోసం తాడిపత్రికి ట్రాక్టర్ తెస్తున్నాడు. ఖాళీ ట్రైలర్ గండికోట దాకా తెస్తా, మీరు సామానుతో ఎక్కేయండి, తిరిగిపోయేటప్పుడు తాడిపత్రిలో బండలు ఎత్తుకుందాం అంటున్నాడు. మేమిద్దరం, ఐదేళ్ల బాబు, మా అమ్మ. సామాను: ఇనుప మంచం, రెండు ట్రంకు పెట్టెలు, గ్యాస్ సిలిండర్, స్టవ్వు, డబరాలు, రెండు మేకలు. రాత్రిపూట పోతే ఎండ ఉండదని అతని లెక్క. పాపను ఊళ్లో సీజనల్ హాస్టల్లో, వలసపోయేవాళ్ల పిల్లల్ని ఉంచుకునే దాంట్లో, పెట్టి వచ్చాం. రోజూ ఫోన్లో "ఎప్పుడొస్తారు నాన్నా" అంటోంది. అందుకే తొందర. ఇంకో టెన్షన్, ఆఖరి నెల జీతం ఇంకా చేతికి రాలేదు. మీరు పోండి, ఫోన్‌పే చేస్తాలే అంటున్నాడు ఓనరు. ఏం చేయమంటారు?

గుత్తి డ్రైవర్

తమ్ముడూ, నేను పదిహేనేళ్లుగా ట్రాక్టర్ తోలుతున్నాను. బండలూ మనుషులూ ఒకే ట్రైలర్‌లో వద్దు. ఆ మాట మీ బామ్మర్దికి నేను చెప్పానని చెప్పు. నాపబండలు నిలువుగా పేర్చి మధ్యలో వరిగడ్డి పెడతారు. ఒక్క గుంతలో చక్రం పడితే మొత్తం వరస ఒక పక్కకు ఒరుగుతుంది. అక్కడ మీ అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటే? ట్రైలర్‌లో మనుషుల్ని ఎక్కిస్తే ఇన్సూరెన్స్ కూడా వర్తించదు.

రాత్రి ప్రయాణం అసలే వద్దు. తాడిపత్రి చుట్టూ సిమెంటు లారీలు, బండల లారీలు తెల్లవార్లూ తిరుగుతాయి. ట్రైలర్ వెనక లైటు వెలిగేది నూటికి ఒక్కదానికి. వెనకొచ్చే లారీవాడికి నువ్వు కనబడేసరికి బ్రేకు తొక్కే దూరం ఉండదు. తెల్లవారుజామున వెలుగొచ్చాక బయల్దేరండి. జమ్మలమడుగు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆలూరు, ఆదోని. రెండొందల కిలోమీటర్ల పైమాటే. లోడుతో గంటకు ఇరవై, ఇరవై ఐదు దాటదు. ఒక్క రోజులో అవుతుందనుకోవద్దు, గుత్తిలో ఆగి పడుకోండి.

బయల్దేరే ముందు బామ్మర్దితో ఇవి చూపించుకో. ట్రాక్టర్‌కు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి. దుక్కిలో విడిగా తొక్కుతారు, రోడ్డు మీద వాటిని కలిపే కొక్కి తప్పక వేయాలి. వేయకుండా ఒకటే తొక్కితే ట్రాక్టర్ గిర్రున ఒక పక్కకు తిరుగుతుంది. మా ఊళ్లో ఒకతను అట్లే చెరువు కట్ట దిగి పడ్డాడు. ట్రైలర్‌ను ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను ఊడకుండా కింద లాకు పిన్ను ఉందో లేదో వంగి కళ్లతో చూడు. రెండు చక్రాల ట్రైలర్ అయితే బరువు కొంచెం ముందుకే ఉండాలి. వెనక్కి పడితే ట్రైలర్ ముందు కొక్కెం పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. దిగుడులో న్యూట్రల్ చేయొద్దు. వెనక పలకకు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించు.

ముద్దనూరు అక్క

తమ్ముడూ, ఇంటివాళ్లను రైలెక్కించు. ముద్దనూరులో ఎక్కితే తాడిపత్రి, గుత్తి మీదుగా గుంతకల్లు. అక్కడ రాయచూరు వైపు పోయే బండి పట్టుకుంటే ఆదోని దాటాక కోసిగి. అన్ని బండ్లూ కోసిగిలో ఆగవు, టికెట్ తీసేటప్పుడే అడుగు. సిలిండర్ మాత్రం రైల్లోకి తేవద్దు, రానివ్వరు. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, ట్రైలర్‌లో నిలబెట్టి మంచం కాలికి కట్టేయ్.

ప్రొద్దుటూరు నుంచి

జీతం తీసుకోకుండా కదలొద్దు అన్నా. ఒకవేళ ఇవ్వకపోతే ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది, ఎంత రావాలి అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకో. ఇంతకుముందు ఫోన్‌పేలో పడిన డబ్బుల స్క్రీన్‌షాట్లు దాచుకో, అవే సాక్ష్యం. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే అవే అడుగుతారు. మీ ఇంటామె జీతం విడిగా రాయించు. భార్యాభర్తలకు కలిపి ఒక్కటే రాసి ఆడవాళ్ల కష్టం లెక్కలోంచి తీసేస్తారు.

కోసిగి నుంచి

అందరికీ దండాలు. నిన్న పొద్దు గూకేసరికి ఇల్లు చేరాం. అమ్మ, ఇంటామె, బాబు ముద్దనూరులో రైలెక్కి ఒక రోజు ముందే వచ్చారు. బండలు ఈసారికి వద్దన్నాను. బామ్మర్ది అలిగాడు గానీ, గుత్తి అన్న రాసింది చదివి వినిపిస్తే ఊరుకున్నాడు. బ్రేకు కొక్కి నిజంగానే విడిగా వేలాడుతూ ఉంది అన్నా. మూడేళ్లుగా వేయలేదంట. సగం జీతం ఇచ్చారు, మిగతా సగానికి కాగితం మీద సంతకం తీసుకున్నాను, ఇద్దరివీ విడివిడిగా. రాత్రి గుత్తి దగ్గర పెట్రోల్ బంకులో ఆపి ట్రైలర్‌లో మేకల పక్కనే పడుకున్నాను. గాలి లేచినప్పుడల్లా మెలకువ వచ్చి, చెయ్యి తాళ్ల కోసం వెతికింది.

పాప హాస్టల్ గేటు దగ్గరే నిలబడి ఉంది. ముందు మేకల్ని చూసింది, తర్వాత నన్ను.