‘ఎలా’ అంటే ఎంతవరకు?

లండన్‌వాసి: పొద్దున్నుంచీ ఒక మాట బుర్ర తొలిచేస్తోంది. మా వీధిలో ఓ తెలుగాయన ఆసుపత్రిలో ఉన్నట్టుండి పోయారు. సంగతి కరోనర్ (అనుకోని మరణాల మీద విచారణ జరిపే అధికారి) దగ్గరికి వెళ్ళింది. వాళ్ళావిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకని వాళ్ళిచ్చిన కరపత్రం తెలుగులో రాసిపెడుతున్నాను. ఇక్కడి ఇన్‌క్వెస్ట్, అంటే కరోనర్ జరిపే మరణ విచారణ, తేల్చేవి నాలుగే: పోయిందెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ‘ఎలా’ దగ్గర ఆగిపోయాను. ‘ఎక్కడ’ రాస్తుంటేనేమో జాషువా శ్మశాన పద్యం గుర్తొచ్చింది. ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని’ తర్వాతేమిటి? ఇన్‌క్వెస్ట్‌ని పంచనామా అనొచ్చా?

నెల్లూరు మాస్టారు: ‘కమ్మని కలము’. పంచనామా వద్దు బాబూ, ఆ మాట వింటేనే గుమ్మంలో పోలీసు జీపు కనబడుతుంది. ఐదుగురు పంచుల ఎదుట రాసేది గనకే అది పంచనామా.

కోర్టుపక్షి: ఐదుగురెక్కడ మాస్టారూ? మన పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 174 సెక్షన్‌లోనూ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 194లోనూ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరుంటే చాలు. కరోనర్ మనకీ ఉండేవాడు, 1871 చట్టం కింద, కలకత్తా, బొంబాయిల్లో. బొంబాయిలో 1999లో ఎత్తేశారు. ‘కరోనర్’ అనే ఉంచండి.

ఛందోభ్రాంతుడు: అసలు అక్షరం వదిలేశారు! అది ‘ఇచ్చోటనే’ కాదు, ‘ఇచ్చోటన్ + ఏ’. ఏ సత్కవి కలం ఇక్కడ కరిగిపోయిందో అని. కాటిసీనులో ఆ ‘నే’ మీద రాగం తీసి తీసి ‘ఈ చోటే’ అన్న అర్థం తెచ్చిపెట్టారు. నాలుగో పాదంలో ‘ఇచ్చోట నెట్టి’ అని, అంటే ‘ఇచ్చోటన్ + ఎట్టి’ అని ఉంది కదా, అక్కడేం చేస్తారు?

నెల్లూరు మాస్టారు: మా నాన్నగారు ‘ఈ చోటే’ అనే చెప్పేవారు. అలా అంటేనే గుండె కలుక్కుమంటుంది. ప్రశ్న చేస్తే చప్పబడిపోతుంది.

ఛందోభ్రాంతుడు: శ్మశానంలో నిలబడి, కాలినవాడెవడో తెలియకపోవడం చప్పనా?

కోర్టుపక్షి: అన్నా, మీ ‘ఎలా’దీ ఇదే తగువు. మొదట్లో దానికి ‘దేనివల్ల ప్రాణం పోయింది’ అన్నంత ఇరుకు అర్థమే. 2004లో ఒక ఖైదీ మరణం కేసులో అప్పట్లో అక్కడి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ‘ఏ పరిస్థితుల్లో’ అన్నది కూడా కలిపింది. అక్కడి కరోనర్ల 2009 చట్టంలోకీ ఎక్కింది. అయితే అన్ని చావులకూ కాదు, పౌరుడి ప్రాణం కాపాడే విషయంలో ప్రభుత్వ బాధ్యత ప్రశ్నకొచ్చిన వాటికే.

లండన్‌వాసి: నా బాధ అదే. ‘రాత్రి బెల్లు కొడితే ఎవరూ ఎందుకు రాలేదు?’ అని ఆవిడ అడుగుతోంది. అది ఏ ‘ఎలా’లోకి వస్తుంది? 1989లో ఇక్కడి ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన హిల్స్‌బరో తొక్కిసలాటే చూడండి. మొదటి విచారణలో మధ్యాహ్నం 3:15 తర్వాత జరిగిందేదీ లెక్కలోకి రాదన్నారు. ఆ గీత చెరిగి, 2016లో కొత్త జ్యూరీ మాట వచ్చేదాకా కుటుంబాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆసుపత్రికీ పోలీసులకీ ప్రజల డబ్బుతో లాయర్లొస్తారు, ఇంటివాళ్ళకి మామూలుగా రారు. కరోనర్ ‘ఇలాంటిది మళ్ళీ జరక్కుండా చూడండి’ అని నివేదిక పంపితే 56 రోజుల్లో జవాబివ్వాలి. అంతే, అమలు చేసి తీరాలని లేదు! ముందు మార్చాల్సినవి ఇవీ.

ఓరుగల్లు పిల్ల: ‘ఎట్ల’ అని రాయండన్నా. మా దిక్కు ‘ఎట్ల పోయిండు’ అని అడిగితే రోగం పేరు చెప్పి తప్పించుకోలేరు. కథంతా చెప్పాల్సిందే.

నెల్లూరు మాస్టారు: ఎలా, ఎట్ల రెండూ ఒకటేనమ్మా, యాస తేడా.

ఓరుగల్లు పిల్ల: మీరు మా పరామర్శకు రాలేదు మాస్టారూ.

కోర్టుపక్షి: ఇంకోటి, ‘తీర్పు’ అని మాత్రం రాయకండి. అక్కడ ‘వర్డిక్ట్’ పోయి ‘కన్‌క్లూజన్’ వచ్చింది. ఫలానావాడిది తప్పని కరోనర్ తేల్చకూడదు.

లండన్‌వాసి: ప్రస్తుతానికి ‘ఎలా, ఏ పరిస్థితుల్లో’ అని పెన్సిల్‌తో రాశాను. ఆవిడ కేసుకి ఆ రెండోది వర్తిస్తుందో లేదో అడగాలి.

ఛందోభ్రాంతుడు: అడగండి. ‘నెట్టి’ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.