ప్రాసెసర్ డిజైన్ నేర్చుకోవాలంటే గేట్ల నుంచా, కోడ్ నుంచా?

కొత్తబిట్: సి రాయడం వచ్చు, ప్రాసెసర్ లోపల జరిగేది మాత్రం తెలియదు. సర్క్యూట్లలో చిన్న ముక్క అయిన నాండ్ గేట్‌తో మొదలుపెట్టమని ఒకరు, ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లనే నేరుగా రాసే అసెంబ్లీ భాష నేర్చుకోమని ఇంకొకరు. ఏది వినాలి?

గేటుమనిషి: గేట్లే. ఒక్క నాండ్‌తో యాడర్ (కూడే సర్క్యూట్), రిజిస్టర్లు (విలువలు దాచే చోట్లు), ఏఎల్‌యూ (లెక్కలు చేసే భాగం) అన్నీ కట్టొచ్చు. 1971 నాటి ఇంటెల్ 4004లో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లే. ఓపిక ఉంటే మొత్తం బుర్రకెక్కుతుంది.

కాష్‌మిస్: యాడర్ కట్టి అక్కడే ఆగిపోయినవాళ్లే ఎక్కువ (నేనూ ఒకణ్ణి). సిలో 4096 × 4096 ఇంట్ల మ్యాట్రిక్స్ తీసుకుని, ఒకసారి అడ్డవరుసల వెంట, ఇంకోసారి నిలువు వరుసల వెంట కూడి చూడండి. కూడికలు అవే, టైమ్ మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాష్ అంటే ప్రాసెసర్ పక్కనుండే చిన్న, వేగమైన మెమరీ; అందులోకి డేటా ఒకేసారి ఒక లైన్ చొప్పున వస్తుంది. కాష్ లైన్ సాధారణంగా 64 బైట్లు, అందులో 16 ఇంట్లు పడతాయి. అడ్డంగా వెళితే పదహారూ వాడుకుంటాం. నిలువుగా వెళితే ఒకటి వాడి ముందుకు పోతాం, తిరిగొచ్చేసరికి ఆ లైన్ ఎల్1లో (అన్నిటికన్నా దగ్గరి కాష్‌లో) ఉండదు. ఇది ఏ గేటూ చెప్పదు.

గేటుమనిషి: అది వాడకం అండీ. ఆయన అడిగింది డిజైన్.

పైప్‌లైన్_బాధితుడు: రెండు చివర్లూ వదిలేసి మధ్యలో దిగండి. 2010లో బర్కిలీలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ తీసుకోండి. 32 బిట్ల బేస్ సెట్‌లో 40 ఇన్‌స్ట్రక్షన్లే, అన్నీ ఒకే పొడవు. ఇంటెల్ పీసీల ఎక్స్86లో అయితే ఒక్కోటి 1 నుంచి 15 బైట్లు, ఇన్‌స్ట్రక్షన్‌ని విడమరిచే డీకోడర్‌తోనే విసుగొస్తుంది. ముందు వెరిలాగ్‌లో (సర్క్యూట్లు వర్ణించే భాష) ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ని ఒక్క క్లాక్ సైకిల్‌లో ముగించే సింగిల్ సైకిల్ ప్రాసెసర్ రాసి, తర్వాత దాన్ని ఐదు దశల పైప్‌లైన్ చేయండి; అందులో ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తికాకముందే తర్వాతది మొదలవుతుంది.

నా పైప్‌లైన్‌లో లోడ్ (మెమరీ నుంచి విలువ తెచ్చేది) వెనకే, ఆ విలువనే వాడాల్సిన యాడ్ వస్తే అది పాత విలువే కూడేది. రెండు రాత్రులు ఏఎల్‌యూని అనుమానించాను. వేవ్‌ఫామ్ (సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే గ్రాఫ్) చూస్తే అసలు సంగతి తెలిసింది: లోడ్ డేటా మెమరీ దశ చివర్లో వస్తుంది, యాడ్‌కి అది అదే సైకిల్ మొదట్లో కావాలి. ఫార్వార్డింగ్ (ఫలితాన్ని రిజిస్టర్‌లో రాయకముందే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కి అందించడం) ఒక్కటే పెడితే లాభం లేదు, యాడ్‌ని ఒక సైకిల్ ఆపాల్సిందే.

కాష్‌మిస్: లేదా మధ్యలో సంబంధం లేని ఇంకో ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి. మిప్స్ అనే ప్రాసెసర్ల తొలి చిప్‌లు ఆ పని కంపైలర్‌కే వదిలేశాయి. సరే, మీ దారి నాకూ నచ్చింది.

గేటుమనిషి: నాకు నచ్చలేదు. ఒక్క బిట్ దాచే ఫ్లిప్‌ఫ్లాప్ తెలియనివాడికి వేవ్‌ఫామ్ ఉత్త గీతలే.

కొత్తబిట్: ఫ్లిప్‌ఫ్లాప్ వరకు గేట్లు చూసి, తర్వాత సింగిల్ సైకిల్ మొదలుపెడతాను. రిస్క్-ఫైవ్‌లో ఎక్స్0 రిజిస్టర్ ఎప్పుడూ సున్నానే కదా, అందులో రాస్తే ఎర్రర్ రావాలా?

పైప్‌లైన్_బాధితుడు: రాకూడదు. రాసింది గాల్లో కలిసిపోవాలి. నా మొదటి టెస్ట్ ఫెయిలైంది అక్కడే.