గారుబ్ బోరు కట్టేస్తే నమీబ్ గుర్రాల గతేంటి?

తిన్నెలదారి:
నమీబియా దక్షిణాన, ఔస్ ఊరికి పడమరగా ఓ 20 కిలోమీటర్లు పోతే గారుబ్. నమీబ్ ఎడారి తూర్పు అంచు. ఒక బోరు, ఒక తొట్టి, వాటినే నమ్ముకున్న అడవి గుర్రాలు. 2012 తర్వాత కొన్నేళ్లపాటు అక్కడ పుట్టిన పిల్లల్లో ఒక్కటీ పెరిగి పెద్దది కాలేదు. చుక్కల దుమ్ములగొండులు తినేశాయి. మంద వంద లోపుకి పడిపోయింది. 2019లో ప్రభుత్వం కొన్ని దుమ్ములగొండుల్ని కాల్పించింది. జాతీయ పార్కులో, బయటి నుంచి వచ్చిన గుర్రం కోసం ఆ నేల జంతువును చంపడమేంటి? నన్నడిగితే బోరు కట్టేయమంటాను.

గుర్రప్పిచ్చి:
కట్టేయమని ఇక్కడ కూర్చుని రాయడం తేలికేనండీ. అవి సరదాకి వదిలినవి కావు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, దక్షిణాఫ్రికా సేనలు గారుబ్‌లో దిగితే జర్మన్ విమానం శిబిరం మీద బాంబులేసింది, గుర్రాలు చెల్లాచెదురయ్యాయి. ఔస్ దగ్గరి కుబుబ్‌లోని గుర్రాల పెంపకశాల నుంచి వచ్చినవీ వాటిలో కలిశాయంటారు. చుట్టూ వజ్రాల నిషిద్ధ ప్రాంతం కాబట్టి వేటగాళ్లు రాలేదు. చలికాలంలో మూడు రోజుల దాకా నీళ్లు లేకుండా తిరుగుతాయి. మేత కరవైతే తమ లద్దె తామే తింటాయి. అక్కడి ఎండుగడ్డి కన్నా లద్దెలోనే కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువని పరీక్షించి తేల్చారు కూడా. నూరేళ్లలో ఇంత నేర్చినదాన్ని ఇంకా పరాయిదంటే ఎలా?

మంచుబొట్టు:
లద్దె తినడం నేర్పు కాదు, గతిలేకపోవడం. ఆ నేలకే చెందిన పొడవాటి కొమ్ముల జింక, ఒరిక్స్‌ను చూడండి. ఎండ ముదిరితే ఒంటి వేడిని 45 డిగ్రీల దాకా ఎక్కనిస్తుంది, చెమట పట్టి నీళ్లు పోగొట్టుకోదు. మెదడుకెళ్లే నెత్తురు మాత్రం, ముక్కులో చల్లబడి వచ్చే నెత్తురు పక్కగా పారి, చల్లారాకే పైకెక్కుతుంది. తొట్టి ఎండినా దానికి దిగుల్లేదు.

తీరం వైపు ఇంకా కరవు. బెంగ్వెలా అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల గాలి పైకి లేవదు, ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఉన్నదల్లా పొగమంచు. అక్కడో నల్ల పురుగు తెల్లవారుజామున ఇసుకతిన్నె కొప్పుకెక్కి, తల వంచి వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. వీపు మీద చేరిన మంచు బొట్టుగా మారి నోటి దాకా జారేవరకూ అలాగే ఉంటుంది. (గారుబ్‌లోది కాదు లెండి, తీరపు తిన్నెల్లోది.) ఈ ఎడారికి అలవాటు పడడమంటే అదీ!

గుర్రప్పిచ్చి:
పురుగులా తలకిందులు కాలేదని గుర్రాన్ని చంపేద్దామా?

పట్టాలపక్క:
గారుబ్ చూసొచ్చినవాణ్ణి, ఒక మాట. మిట్టమధ్యాహ్నం దూరాన చుక్కల్లా కనబడ్డాయి, తొట్టి దాకా రావడానికి అరగంట పైనే పట్టింది. ముందొచ్చిన ఆడగుర్రం డొక్కలు లెక్కపెట్టొచ్చు. మూతి మొత్తం ముంచి, కళ్లు మూసుకుని తాగింది. అది పోయిందాకా ఆగి ఒరిక్స్ ఒకటి అదే తొట్టికి వచ్చింది. దిగుల్లేని ఒరిక్సే!

ఆ బోరు ఎవరి కోసం వేశారో ఇక్కడ ఎవరూ చెప్పలేదు. లూడెరిట్జ్ రేవుకెళ్లే రైలు మార్గంలో ఆవిరి ఇంజన్ల కోసం. గుర్రాలు ఆ నీళ్లకి తర్వాత మరిగాయి. 1986లో ఆ నేలని నమీబ్-నౌక్లుఫ్ట్ పార్కులో కలిపేటప్పుడు గుర్రాలూ, తొట్టీ అక్కడే ఉన్నాయి. తెలిసే కలుపుకున్నారు. ఇప్పుడు కట్టేస్తే అది ప్రకృతి తీర్పు కాదు, కుళాయి తిప్పిన చేతి తీర్పు. పోనీ తరలిద్దామా అంటే, 1992 కరవులో నూరు పైచిలుకు గుర్రాల్ని పట్టి పంపేశారు. వాటిలో చాలా గుర్రాలు కొత్తచోట బతకలేదు.

తిన్నెలదారి:
సరే, బోరు మాట వెనక్కి తీసుకుంటున్నా. తుపాకీ మాట మాత్రం కాదు. కరవొచ్చినప్పుడల్లా గడ్డిమోపులు తెచ్చి తొట్టి దగ్గరే వేస్తే నీరసించిన గుర్రాలన్నీ ఒకచోట చేరతాయి. దుమ్ములగొండికి వెతుక్కునే పనే ఉండదు. మోపులు దూరదూరంగా వేసి చూశారా? పట్టాలపక్క గారూ, మీరు వెళ్లినప్పుడు మేత ఎక్కడ పడుంది?