ఆర్ఎస్ క్యూ8 పర్ఫార్మెన్సా, రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీనా? అనంతపురంలో ఉండి నడపాలి

చెనిక్కాయ (అనంతపురం):
అన్నలూ, ఒక సలహా. తాడిపత్రిలో మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, ఇల్లు అనంతపురంలో. వారానికి రెండుసార్లు బెంగళూరు పోయి రావాలి. ఇప్పుడున్న ఫార్చ్యూనర్ 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగింది. దానికేమీ కాలేదు, నాకే విసుగొచ్చింది. ఆడీ ఆర్ఎస్ క్యూ8 పర్ఫార్మెన్స్, రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీ, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. కాగితం మీద రెండూ ఒకటే. ఆడీది 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), 640 గుర్రాలు (హార్స్‌పవర్), లాగే బలం 850 ఎన్ఎం, సున్నా నుంచి వందకు 3.6 సెకన్లు. రేంజ్ రోవర్‌ది బీఎండబ్ల్యూ నుంచి వచ్చిన 4.4 లీటర్ల వీ8, 635 గుర్రాలు, 750 ఎన్ఎం, 3.8 సెకన్లు. రెండింటికీ రెండేసి టర్బోలు, 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ (ఇంజన్‌కు చిన్న కరెంటు మోటారు సాయం). ఇంట్లో అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె కూడా ఎక్కి దిగాలి. షోరూమ్ వాళ్లు చెప్పేది వద్దు, వాడినవాళ్లు చెప్పండి.

కేసీకెనాల్ (కర్నూలు):
3.6కి, 3.8కి తేడా తెలియాలంటే ముందు అమకతాడు టోల్ దగ్గర లారీలు పక్కకు జరగాలి తమ్ముడూ. నాలుగు లేన్ల హైవే మీద కారుకు వేగ పరిమితి 100. అంటే 3.6 సెకన్లలో నీ సరదా అయిపోతుంది, నాలుగో సెకనుకు చలానా.

నేను అడిగేది ఒకటే. టైరు పోతే ఏం చేస్తావు? మా బావది వేరే కంపెనీ బండి, 22 అంగుళాల చక్రాలు. పోయిన వానాకాలం రాత్రి పదకొండుకు డోన్ దాటాక నీళ్లు నిండిన గుంతలో పడింది. టైరు పక్కగోడ పెసరట్టు చింపినట్టు చిరిగింది, రిమ్ము అంచు వంగింది. పంక్చర్ షాపు పిల్లోడు టార్చి వేసి చూసి, 'అన్నా, ఇట్లాంటి టైరు నేను ఫోన్లో తప్ప చూడలేదు' అన్నాడు. డోన్లో లేదు, కర్నూల్లో లేదు. తెల్లారాక ఫ్లాట్‌బెడ్ పిలిపించి హైదరాబాద్ పంపించాం. టైరు మూడు రోజులకు వచ్చింది. ఆ మూడు రోజులూ మా బావ నా ఆల్టోలో తిరిగాడు. ఒక్కసారి కూడా మైలేజీ గురించి ఎగతాళి చేయలేదు.

గండికోట_గాలి (కడప):
ఆర్ఎస్ క్యూ8 పాత మోడల్ నా దగ్గర ఉంది. 2021 బండి, 600 గుర్రాలది, బెంగళూరులో సెకండ్ హ్యాండ్ తీసుకున్నా. రెండేళ్లలో 31 వేల కిలోమీటర్లు నడిపా.

మంచి ముందు చెప్తా. ఇది పైకి ఆడీ, లోపలి పునాది లంబోర్గిని ఉరుస్‌ది. పోర్షె కయెన్ కూడా ఆ పునాది మీదే కడతారు. ఒరిగిపోకుండా పట్టుకునే బార్ రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో 48 వోల్టుల మోటారు. నేరుగా పోతున్నప్పుడు రెండు ముక్కలూ విడిపోతాయి కాబట్టి గతుకులు మెత్తగా పోతాయి. మలుపు తిప్పగానే మోటారు వాటిని ఎదురెదురుగా మెలిపెడుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో స్టీరింగ్ తిప్పితే ఈ మాటకు అర్థం తెలుస్తుంది. వెనక చక్రాలు కూడా తిరుగుతాయి కాబట్టి ఇంత పెద్ద బండి స్విఫ్ట్ లాగా మలుపు తీసుకుంటుంది.

ఇక చెడు. పెట్రోలు. లీటరుకు ఊర్లో 5 కిలోమీటర్లు, హైవేలో బుద్ధిగా పోతే 8. ఎండాకాలం ఘాట్ ఎక్కి ఆపితే లోపల ఫ్యాన్లు ఇంజన్ ఆపేశాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. టర్బోలు రెండూ ఇంజన్ వీ మధ్యలోనే కూర్చుని ఉంటాయి, వేడంతా అక్కడే. మే నెలలో మన 44 డిగ్రీల్లో నేనైతే ఆపే ముందు రెండు నిమిషాలు ఐడిల్‌లో పెడతా. కేసీకెనాల్ అన్న ఎంచుకున్న రేంజ్ రోవర్‌లోనూ టర్బోలు అక్కడే, కాబట్టి ఆ విషయంలో తప్పించుకోలేవు.

కేసీకెనాల్ (కర్నూలు):
నేనేమీ ఎంచుకోలేదు సామీ, నాది ఆల్టో.

గండికోట_గాలి (కడప):
తప్పయిపోయింది అన్నా :)

బురుజు_నీడ (కర్నూలు):
నేను బండి గురించి మాట్లాడను, లెక్క చెప్తా. ఆర్ఎస్ క్యూ8 పర్ఫార్మెన్స్ 2025 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ 2.49 కోట్లు. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్ కలిపి ఉన్న 50 శాతం పోయి, ఒక్క 40 శాతం అయింది. కాబట్టి పాత ధర పట్టుకుని బేరం ఆడొద్దు, కొత్త కోట్ తీసుకో. ఆ పైన ఏపీలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం. 2 కోట్ల బండి అనుకుంటే ఒక్క ట్యాక్సే 36 లక్షలు, నీ యూనిట్లో మంచి కట్టింగ్ మిషన్ వస్తుంది. 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టించుకుంటారు, అది రిటర్నులో సర్దుకోవచ్చు. కంపెనీ పేరు మీద కొన్నా జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని వెనక్కి సర్దుకోవడం) రాదు, మీ ఆడిటర్ వస్తుందంటే ఆడిటర్ని మార్చు.

పక్క రాష్ట్రం నంబర్ వేయిస్తామని ఎవరైనా చెవిలో ఊదుతారు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47. గండికోట అన్నను అడుగు.

గండికోట_గాలి (కడప):
అవును, నేను అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టా. ఆ బాధ ఇంకో పోస్టులో చెప్తా, ఇప్పుడు మూడ్ లేదు.

ఉగ్గాని_బజ్జీ (బెంగళూరులో ఉద్యోగం, ఊరు గుత్తి):
ఎస్‌వీ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. మా బాస్ కొన్నాడు, ఎయిర్‌పోర్టుకు దింపేటప్పుడు నాలుగైదుసార్లు నా చేతికి వచ్చింది.

దీనికి ఒరగకుండా పట్టే బార్లే ఉండవు. నాలుగు చక్రాల డ్యాంపర్లను (షాక్ అబ్జార్బర్లను) హైడ్రాలిక్ గొట్టాలతో ఒకదానికొకటి కలిపేశారు. మలుపులో బయటి వైపు నొక్కుకుంటుంటే ఆ ఒత్తిడి లోపలి వైపును పట్టుకుంటుంది. బ్రేక్ కొడితే ముక్కు కిందికి వంగదు. లోపల కూర్చుంటే దీన్ని స్పోర్ట్స్ కారు అనిపించదు, దివాణం అనిపిస్తుంది. సైలెన్స్ కూడా ఎక్కువ. ఆడీలో రోడ్డు చేతికి తెలుస్తుంది, దీంట్లో రోడ్డును నీ దాకా రానివ్వరు. వెనక సీటు మనుషులకు ఎస్‌వీ, స్టీరింగ్ మనిషికి ఆడీ.

ముందు సీట్లు పాటకు తగ్గట్టు వణుకుతాయి, అదొక ఫీచర్. మా నాన్న ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుంటే ఆ సుఖం ఊరికే వచ్చేది.

నల్లరేగడి (నంద్యాల):
నీళ్ల విషయం మర్చిపోయారు. రేంజ్ రోవర్ స్పోర్ట్ 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీయే చెప్తుంది. ఆడీ దానికి పుట్టిన బండి కాదు. అనంతపురం కరువు ఊరు కదా అంటారేమో, 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగినప్పుడు కాలనీల్లో కార్లు ఎట్లా తేలాయో చూశాం కదా.

చెనిక్కాయ (అనంతపురం):
చూశాం అన్నా. మా వీధిలోనూ నడుము లోతు. కానీ పొంగే వంకలోకి రెండు కోట్ల బండి దించే ధైర్యం నాకు లేదు, 900 అయినా 9000 అయినా.

కేసీకెనాల్ అన్నా, నీ టైరు మాట నిద్ర పట్టనివ్వలేదు. రెండు షోరూములకూ ఫోన్ చేసి అడిగా. ఆడీకి నాలుగు చక్రాలకూ ఒకటే సైజు, 295/35, 23 అంగుళాలు. ఎస్‌వీకి ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు. అంటే ఆడీ కొంటే ఒక్క టైరు అదనంగా కొని యూనిట్లో పెట్టుకుంటే ఏ మూల పోయినా అది సరిపోతుంది. ఎస్‌వీకి రెండు దాచాలి, పైగా ముందువి వెనక్కి మార్చి సమానంగా అరగనిచ్చే వీలూ లేదు. ఇంతమంది యూట్యూబ్ వాళ్లలో ఒక్కడూ ఈ మాట చెప్పలేదు!

బురుజు_నీడ (కర్నూలు):
ఒక్క సవరణ. మూడు టైర్లు సగం అరిగాక నాలుగోది కొత్తది వేస్తే చుట్టుకొలతలో తేడా వస్తుంది, నాలుగు చక్రాలకూ పవర్ పోయే బండిలో అది మంచిది కాదు. దాచిన టైరు మొదటి 10, 12 వేల కిలోమీటర్ల లోపే నీకు పనికొస్తుంది. తర్వాత దాన్ని షెడ్డులో కుర్చీ చేసుకో. ఇన్సూరెన్సులో టైర్ కవర్ మాత్రం తప్పకుండా తీసుకో.

పెట్రోలు కూడా లెక్క వేసుకో. వారానికి 860 కిలోమీటర్లు, లీటరుకు 7 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకో. వారానికి పదమూడున్నర వేలు, నాలుగు వారాలకు 54 వేలు.

గండికోట_గాలి (కడప):
చెనిక్కాయ తమ్ముడూ, ఇదంతా కాదు. ఆదివారం అమ్మను తీసుకుని కడపకు రా. నా బండిలో ఘాట్ దాకా పోయి వద్దాం. గువ్వలచెరువు పాలకోవా నా ఖర్చు.

చెనిక్కాయ (అనంతపురం):
వారం తర్వాత రిపోర్టు.

పోయి వచ్చాం. గండికోట అన్న బటన్ నొక్కితే బండి కిందికి దిగింది, అయినా అమ్మకు తల వంచక తప్పలేదు. ఆ కూపే రూఫ్ వెనక వైపు వాలిపోతుంది కదా, కొప్పు తగిలింది. ఒక్కసారి కూర్చున్నాక 'పరుపు లాగుంది' అంది. అన్న నాకు తాళం ఇచ్చాడు. ఘాట్‌లో మూడో మలుపు దగ్గర లారీ దాటాక నేను కొంచెం ఎక్కువ తొక్కా. బండి ఒరగలేదు, అమ్మ ఒరిగింది. ఎడమ చేతిలో పాలకోవా డబ్బా, కుడి చేత్తో పై పిడి పట్టుకుని, 'ఒరేయ్, మెల్లగా పోనీ, నాకేం తొందర లేదు' అంది. అక్కడి నుంచి కడప దాకా 60లో వచ్చాం. 600 గుర్రాల్లో యాభై వాడానేమో.

మరుసటి రోజు బెంగళూరులో ఎస్‌వీ చూపించా. దిగినా ఎక్కినా తల తగలలేదు, డోరు పెద్దది. వెనక సీటులో కూర్చుని కళ్లు మూసుకుంది. సేల్స్ అబ్బాయి కార్బన్ బ్రేకులు, కార్బన్ చక్రాలు అని ఏదో చెప్తుంటే అమ్మ లేచి, 'ఇది బాగుంది, కానీ మీ నాయన ఉంటే ఒప్పుకునేవాడు కాదు' అంది. రెండో దానికీ అదే మాట అనేదేమో.

నాకు నడపడానికి ఆడీయే నచ్చింది, దాచిపెట్టడం ఎందుకు. కానీ వారానికి రెండుసార్లు నడిపేది నేను, నెలకు రెండుసార్లు ఎక్కేది అమ్మ. ఫార్చ్యూనర్ అమ్మ కోసం ఉంచేసి ఆడీ తీసుకుందామని ఇంట్లో మెల్లగా మాట కదిపా. మా ఆవిడ ఇంకా జవాబు చెప్పలేదు.

ఉగ్గాని_బజ్జీ (బెంగళూరులో ఉద్యోగం, ఊరు గుత్తి):
ఎస్‌వీ బ్రిటన్‌లోని సోలిహల్‌లో తయారై వస్తుంది. 2025 జూలై 24న సంతకాలైన బ్రిటన్ ఒప్పందంలో కార్ల సుంకం కోటా మేరకు దశలవారీగా దిగుతుంది. ఆవిడ జవాబు కోసం ఆగేలోపు ఆ ధర ఇంకోసారి అడుగు.

కేసీకెనాల్ (కర్నూలు):
ఏది తీసుకున్నా మొదటి ట్రిప్పు కర్నూలుకు రా. డోన్ దగ్గర ఆ గుంత ఎక్కడుందో చూపిస్తా.