బారెన్ ద్వీపం: సెంటినెల్-2లో లావా మెరుస్తోంది, లాండ్‌శాట్‌లో మాత్రం 53 డిగ్రీలే! ఏది నమ్మాలి?

బూడిదకొండ:
అండమాన్ సముద్రంలోని అగ్నిపర్వతం బారెన్ ద్వీపం మీద నా ఎం.ఎస్సీ ప్రాజెక్టు. సెంటినెల్-2 ఉపగ్రహపు పరారుణ బ్యాండ్లు (తరంగదైర్ఘ్యపు పట్టీలు) బి12, బి11, బి8ఎ లను వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా పెడితే శంకువు కొసన నాలుగైదు పిక్సెళ్లు పసుపు, నారింజ రంగుల్లో వచ్చాయి. అదే వారం లాండ్‌శాట్ 8 ఉపగ్రహపు ఉష్ణ బ్యాండ్ 10లో ఆ చోట 53 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. లావా అంటే వెయ్యి డిగ్రీల దగ్గర ఉండాలి కదా, లెక్క ఎక్కడ తప్పింది? ఇదే పద్ధతి శుక్రగ్రహానికి పనికొస్తుందా?

పిక్సెల్‌రాజు:
లెక్క తప్పలేదండీ. పిక్సెల్ పెద్దది, లావా చిన్నది. బ్యాండ్ 10 అసలు పిక్సెల్ 100 మీటర్లు; ఫైల్లో కనిపించే 30 మీటర్లు రీసాంప్లింగ్ (పిక్సెళ్లను చిన్నవిగా మళ్లీ లెక్కగట్టడం) చలవ. అంటే మీకొచ్చింది 10,000 చదరపు మీటర్ల సగటు.

అందులో 100 చదరపు మీటర్లు 1000 డిగ్రీల లావా, మిగతాది 27 డిగ్రీల నేల అనుకోండి. 10.9 మైక్రాన్ల దగ్గర లావా అంతే వైశాల్యమున్న నేలకంటే 44 రెట్లే ఎక్కువ వెలువరిస్తుంది. 0.99 + 0.44 = 1.43 రెట్లు. ప్లాంక్ సూత్రాన్ని (ఎంత వేడికి ఎంత కాంతి వెలువడుతుందో చెప్పేది) తిరగేస్తే సరిగ్గా 53 డిగ్రీలు. అదే 2.19 మైక్రాన్ల దగ్గర, అంటే బి12లో, ఆ తేడా కోటిన్నర రెట్లు దాటుతుంది. పైగా 20 మీటర్ల పిక్సెల్‌లో ఆ లావా పావు వంతు ఆక్రమిస్తుంది. మెరవక ఏం చేస్తుంది!

అలాగని 53ని బట్టి లావా 100 చదరపు మీటర్లుందని రాసేయకండి. పైన పొర కట్టి 500 డిగ్రీలకు చల్లారిన లావా దాదాపు 260 చదరపు మీటర్లున్నా అదే 53 వస్తుంది. సమీకరణం ఒకటి, తెలియనివి రెండు: లావా వేడి, దాని వైశాల్యం. ఇంకో చిక్కు: లాండ్‌శాట్ పగటిపూట దాటేది ఉదయం పది ప్రాంతంలో. నల్ల బూడిద వాలు ఆపాటికి ఎండకే కాగి ఉంటుంది, కాబట్టి నా 27 డిగ్రీల నేల ఉదాహరణకే. రాత్రి దృశ్యం దొరికితే దాన్నే వాడండి.

నారింజపిక్సెల్:
ముందు ఆ నారింజ నిజంగా వేడేనా అని చూడండి. వేడి ఉంటే బి12 > బి11 > బి8ఎ అనే వరుస ఉండాలి (బి12 సంతృప్తమైతే, అంటే సెన్సర్ కొలవగల గరిష్ఠాన్ని దాటితే, తలకిందులవుతుంది). మేఘమైతే వరుస తిరగబడి ఉంటుంది. నీటి మీద సూర్యుడి తళుకైతే మూడూ ఇంచుమించు సమానం. కదిలే పొగ అంచున రంగుల చారలు కనిపిస్తే కంగారుపడొద్దు; బ్యాండ్లన్నీ ఒకే క్షణంలో చూడవు, అందుకే అలా.

ఎక్కువమంది జారిపడేది ఇక్కడ: 2022 జనవరి 25 తర్వాతి సెంటినెల్-2 దృశ్యాల్లో పిక్సెల్ విలువకు 1000 కలిపి ఇస్తున్నారు. ముందు 1000 తీసేసి, తర్వాత 10,000తో భాగించాలి. తీయకపోతే బ్యాండ్ల నిష్పత్తులన్నీ 1 వైపు జరుగుతాయి, 2021తో పోల్చిన గ్రాఫులో లేని మార్పు కనిపిస్తుంది. ఎల్2ఎ (వాతావరణ ప్రభావాన్ని సవరించిన దృశ్యం) బదులు ఎల్1సి (ఆ సవరణ లేనిది) తీసుకోండి. ఎల్2ఎ సవరణ వచ్చిన కాంతినంతా పరావర్తనమే అనుకుంటుంది, లావా సొంత వెలుగు దాని లెక్కలో లేదు.

రాడార్‌కన్ను:
శుక్రుడికి ఇది సాగదు. నేల 460 డిగ్రీల దాకా ఉన్నా, రాత్రివైపు 1 మైక్రాన్ దగ్గరి సన్నని కిటికీల్లోంచే ఆ వెలుగు బయటికొస్తుంది. దాన్నీ మేఘాలు పదుల కిలోమీటర్ల మేర అలికేస్తాయి. అక్కడ దిక్కు రాడారే. మాజెల్లాన్ అంతరిక్ష నౌక 12.6 సెంటీమీటర్ల తరంగంతో తీసిన బొమ్మల్లో మాట్ మోన్స్ అగ్నిపర్వతం దగ్గరి ఒక బిలం 1991 ఫిబ్రవరి, అక్టోబరుల మధ్య 2.2 నుంచి సుమారు 4 చదరపు కిలోమీటర్లకు పెరిగినట్టు 2023లో ప్రచురించారు. చిక్కేమిటంటే మొదటిసారి రాడార్ ఎడమకు, రెండోసారి కుడికి చూసింది. చూసే దిక్కు మారితేనే బిలం ఆకారం మారినట్టుంటుంది కనుక, నమూనా బిలాలతో రాడార్ బొమ్మలు కట్టి సరిచూశాకే మార్పు నిజమన్నారు.

బారెన్‌కూ అదే జాగ్రత్త: రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1లో ఒకే ట్రాక్ (కక్ష్యా మార్గం) దృశ్యాలనే పోల్చండి. ఇన్‌సార్ (రెండు రాడార్ దృశ్యాలను పోల్చి నేల కదలికను కొలిచే పద్ధతి) మీద ఆశలొద్దు. కొత్త బూడిద పడ్డ చోట రెండు దృశ్యాల మధ్య పొందిక పోతుంది, ద్వీపం చిన్నది కనుక కదలని ఆధారబిందువూ దొరకదు.

భూమి బయట పరారుణంతోనే చేయాలంటే గురుగ్రహపు ఉపగ్రహం అయో మేలు. నేల సున్నాకు 150 డిగ్రీల దిగువన ఉంటుంది, వాతావరణం లేనట్టే లెక్క. జూనో అంతరిక్ష నౌక 2023 డిసెంబరు 30న దానికి 1,500 కిలోమీటర్ల దూరంలోకి వెళ్లింది.

బూడిదకొండ:
1000 తీయలేదు, దొరికిపోయాను. నేపథ్యం (లావా లేని నేల) ఉష్ణోగ్రతకు ద్వీపమంతా సగటు తీసుకోవచ్చా?

పిక్సెల్‌రాజు:
వద్దు. ద్వీపం అడ్డంగా 3 కిలోమీటర్లే, అంటే 30 థర్మల్ పిక్సెళ్లు. ఒడ్డువన్నీ సముద్రంతో కలిసిపోయినవే. చెట్లున్న పాత బిలపు గోడనూ వదిలేయండి. శంకువు మీదే, అదే దిక్కుకు తిరిగిన, బిలానికి మూడు పిక్సెళ్ల ఎడంగా ఉన్న బూడిద వాలు తీసుకోండి.