హిప్‌స్టర్ బార్లలో మంచిదాన్ని గుర్తించడం ఎలా?

కొత్త నగరానికి వెళ్లినప్పుడల్లా అక్కడి హిప్‌స్టర్ యువత (మూసకు భిన్నమైన అభిరుచులను ఇష్టపడేవారు) చేరే కాఫీహౌస్‌లను, బార్లను వెతుక్కుంటూ వెళ్లడం నాకు అలవాటు. సున్నం వేయని ఇటుక గోడలు, వేలాడే ఫిలమెంట్ బల్బులు, మూలన తిరిగే వినైల్ రికార్డు అన్నిచోట్లా ఒకేలా ఉంటున్నందున, అలంకరణను బట్టి సరుకును అంచనా వేయడం సాధ్యం కావడం లేదు. కాఫీ విషయంలో అయితే, గింజలు వేయించిన తేదీ సంచిపై ఉందా, యంత్రపు ఒత్తిడితో తీసే చిక్కటి ఎస్ప్రెసో కాఫీ దిగడానికి ఇంచుమించు 25 నుంచి 30 సెకన్లు పడుతోందా, వి60 అనే కాఫీ వడపోత గరాటులో మొదట కొద్దిగా వేడినీరు పోసి పొడిని ఉబ్బనిస్తున్నారా అని గమనిస్తాను (కాఫీ కలిపేవారి మీసాల తీరు నాకు అనవసరం). బార్ల దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి ఆనవాళ్లేవీ తెలియవు. క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీశాలల్లో చేసే బీరు) కుళాయిల వరుస పొడవుగా ఉండడం మంచిదా, లేక అమ్ముడుపోని బీరు తాజాదనం కోల్పోతుందా? ఆర్డరు ఇవ్వకముందే ఈ సంగతి కనిపెట్టే మార్గాన్ని అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.